అంబాజీపేట రోడ్డులో బర్త్‌డే హాలు: శబ్దం పడని, పరిగెత్తే పిల్లలున్న వాళ్ళ కోసం ఈ రివ్యూ

అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్ళే రోడ్డులో కొబ్బరితోట మధ్య కట్టిన చిన్న పార్టీ హాలు ఇది. డెకరేషన్ బాగుందా, బిర్యానీ బాగుందా అన్నది చాలామంది రాశారు, నేను రాసేది వేరే. మా బాబుకి నాలుగేళ్ళు నిండాయి. మాటలు ఇంకా సరిగ్గా రాలేదు, పెద్ద శబ్దం వింటే చెవులు మూసుకుని కింద పడి అరుస్తాడు, ఎవరైనా ముద్దుకని దగ్గరికి లాక్కుంటే కొడతాడు, ఒక్కోసారి కొరుకుతాడు, తలుపు తెరిచి ఉంటే చాలు పరుగే. ఇలాంటి పిల్లాడి పుట్టినరోజుకి ఈ హాలు పనికొస్తుందా అంటే పనికొస్తుంది, కాకపోతే ముందే కూర్చుని అన్నీ మాట్లాడుకోవాలి.

హాలు చూడ్డానికి వెళ్తే అందరూ ఏసీ, పార్కింగ్ చూస్తారు. మాలాంటి వాళ్ళం ముందు చూసేది గేటు. కోనసీమలో రోడ్డు పక్కన కాలవ లేని చోటు ఎక్కడుంది చెప్పండి, కాలవ కాకపోతే చేపల చెరువు, అదీ కాకపోతే పంటబోదె. ఇక్కడ కూడా రోడ్డు దాటితే కాలవే. కానీ ప్రహరీ గోడ ఎత్తుగా ఉంది, గేటు గొళ్ళెం పిల్లలకి అందదు, ఫంక్షన్ అయ్యేదాకా వాచ్‌మన్‌ని అక్కడి నుంచి కదలొద్దని మేనేజర్ గారే చెప్పారు. వెనక వంటల వైపు ఒక గుమ్మం ఉంది, దానికి తలుపే లేదు. మా తమ్ముడు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆ గుమ్మానికి వెంటనే తలుపు పెట్టించాలి, పిల్లల ఫంక్షన్లు చేసే చోట ఇది ఖర్చు లెక్క చూసుకునే విషయం కాదు.

వాళ్ళ ప్యాకేజీలో డీజే, యాంకర్, బెలూన్ బ్లాస్ట్, స్నో స్ప్రే, రవ్వలు చిమ్మే క్యాండిల్ అన్నీ ఉంటాయి. అన్నీ తీసేయమన్నాను. "ఆయ్, బాబు కోసమే కదమ్మా, మీరెలా అంటే అలాగే" అన్నారు, ఆ మేరకు డబ్బు కూడా తగ్గించారు. స్నో స్ప్రే మాత్రం ఎవరి పిల్లలకైనా వద్దనే చెప్తాను. ఆ నురగని బయటికి తోసే గ్యాసు చాలా డబ్బాల్లో బ్యూటేన్, ప్రొపేన్ లాంటిదే, ఇట్టే అంటుకుంటుంది, దాన్ని వెలుగుతున్న క్యాండిల్ దగ్గర కొట్టడమేంటి! గ్యాస్ బెలూన్లు కట్టిస్తే హీలియమా హైడ్రోజనా అని అడగండి, హైడ్రోజన్ అయితే అదీ మండేదే.

టైము విషయంలో కూడా మాట విన్నారు. మన వైపు కేకంటే రాత్రి ఎనిమిదే కదా, ఆ వేళకి మా వాడు నిద్రకొచ్చి ఇంకా చిరాకు పడతాడు. అందుకని సాయంత్రం నాలుగున్నరకి పెట్టుకుంటాం, అరపూట అద్దె తీసుకోండి అంటే సరేనన్నారు. ముందురోజు బాబుని తీసుకొచ్చి ఖాళీ హాలు చూపించుకోనిచ్చారు కూడా. థెరపిస్టు చెప్పినట్టు గేటు, కేకు బల్ల, వరండాలో ఊయల ఫోటోలు తీసుకెళ్ళి, ముందు ఇక్కడికి, తర్వాత కేకు, తర్వాత ఊయల అని ఇంట్లో వరసగా చూపించాం. ఇది చాలా పనిచేసింది. పుట్టినరోజు శనివారం పడింది, అత్తయ్యగారు వాడపల్లి వెంకన్న గుడికి వెళ్దామన్నారు గానీ శనివారం అక్కడి జనం మా వాడి వల్ల కాదు, పొద్దున్నే ఐనవిల్లి వినాయకుడి గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చేశాం. కేకు కూడా చుట్టాలు రాకముందే ఇంట్లో వాళ్ళం నలుగురం ఉన్నప్పుడు కోయించాం, క్యాండిల్ తనే ఊదాడు, చప్పట్లు కొట్టొద్దని అందరికీ చెప్పాం.

చుట్టాలొచ్చి ప్లేట్లు పట్టుకున్నాక కరెంటు పోయింది. జనరేటర్ సరిగ్గా స్టేజీ వెనక కిటికీ కింద ఉంది. అది మోగగానే బాబు చేతిలో ప్లేటు విసిరేసి, ఎత్తుకోబోయిన మా ఆడపడుచు చెయ్యి కొరికేశాడు. వెంటనే చుట్టూ జనం, గారాబం ఎక్కువైందని ఒకరు, రెండు తగిలిస్తే దారికొస్తాడని ఒకరు, కేకులో పంచదార వల్లేనని ఇంకొకరు. పంచదారకీ పిల్లల అల్లరికీ సంబంధం ఉందా అని జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే అలాంటిదేం కనబడలేదని 1995లోనే జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ నిమిషంలో ఇవన్నీ ఎవరికి చెప్తాం? అప్పుడు వడ్డించే కుర్రాడొకడు వచ్చి "ఇటు రండమ్మా" అని పక్క గది తాళం తీశాడు. లైటు ఆపి, ఫ్యాను వేసి, తలుపు చేరేసి బయట నిలబడ్డాడు, లోపలికి ఎవరినీ రానివ్వలేదు. నేను నేల మీద బాబు పక్కన కూర్చున్నాను, మాట్లాడలేదు, ముట్టుకోలేదు, కాసేపటికి వాడే వచ్చి ఒళ్ళో పడుకున్నాడు. ఆ కుర్రాడికి ఎవరూ ఏమీ నేర్పలేదట. ఈ హాలుకి నేనిచ్చే మార్కుల్లో సగం అతనివే.

అదంతా చూసిన మా చుట్టాలావిడ ఒకామె తర్వాత మెల్లగా వాళ్ళ పాప గురించి అడిగింది, రెండేళ్ళు దాటినా పేరు పెట్టి పిలిస్తే చూడదట. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) టీముకి చూపించమన్నాను. 2013 నుంచి ఉన్న కార్యక్రమం ఇది, పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా చూస్తారు, ఎదుగుదల ఆలస్యం కూడా అందులో ఉంది, అవసరమైతే డీఈఐసీ అని జిల్లాలో ఇలాంటి పిల్లల్ని చూసే సెంటర్‌కి పంపిస్తారు. ఇంకా చిన్నపిల్ల, అదే వస్తుందిలే అని ఊరుకోకండి.

భోజనం బాగుంది. పనసపొట్టు కూర, ముద్దపప్పు, నెయ్యి, పిల్లలకి కారం లేకుండా విడిగా వండారు, మా వాడు బయటి తిండి ముట్టడు కాబట్టి పెరుగన్నం డబ్బా తెచ్చుకుంటామంటే అభ్యంతరం పెట్టలేదు. ఫోటోగ్రాఫర్ మాత్రం నచ్చలేదు, ఫ్లాష్ వద్దని చెప్పినా వినకుండా బాబు మొహం ముందుకొచ్చి చిటికెలు వేస్తూ "ఇటు చూడు నాన్నా" అని ఒకటే గోల, చివరికి మావయ్యగారు గట్టిగా చెప్తే ఆగాడు. మీరైతే సొంత మనిషి చేత ఫోన్‌లో తీయించుకోండి.

జనరేటర్‌ని తోట చివరకి జరుపుతామన్నారు, బుక్ చేసేముందు జరిపారో లేదో చూసుకోండి. ముహూర్తాల రోజుల్లో మాత్రం తీసుకోకండి, రాత్రికి పెళ్ళివాళ్ళు దిగుతారు, మధ్యాహ్నం నుంచే మైకులు కడతారు. మూఢంలో, ఆషాఢంలో అయితే హాలు ఖాళీగా ఉంటుంది, అద్దె తగ్గిస్తారు, అడిగితే పక్క గది తాళం ముందే మన చేతికిస్తారు.