‘పాత కాంక్రీటు’ రంగుల కిట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

సరదాకు ఇళ్లలో కట్టుకునే చిన్న రైల్వే నమూనాల (మోడల్ రైల్వే) భవనాలకు ఎండకు ఎండి వానకు తడిసిన పాత కాంక్రీటు రూపం తెప్పిస్తామంటూ సామాజిక మాధ్యమాల్లో ఒక పేజీ మూడు సీసాల కిట్ అమ్ముతోంది. దయచేసి కొనకండి. ఇప్పటికే కొని ఉంటే రెండో సీసా మూత తీయకండి. అందులో ఉన్నది ప్లాస్టిక్‌ను కరిగించే ద్రవం. నేను కష్టపడి కట్టుకున్న సిగ్నల్ క్యాబిన్ దానివల్లే పాడైపోయింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మకందారు పేరు రాయడం లేదు, కానీ సరుకును గుర్తుపట్టడానికి కావలసిన ఆనవాళ్లన్నీ చెబుతాను.

కిట్ ధర రెండు వేల రూపాయలకు పైమాటే. మూడు సీసాల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు మాత్రమే ఉంటాయి. తయారీదారు పేరు, చిరునామా, పరిమాణం, తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర, ఏదీ ఉండదు. ప్యాకెట్ చేసి అమ్మే సరుకు మీద ఇవన్నీ ముద్రించాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. ఖాళీ లేబుల్ కనిపిస్తే అక్కడే ఆగిపోండి. డబ్బు కూడా సంస్థ ఖాతాకు కాకుండా ఒక ఫోను నంబరుకు పంపమంటారు, బిల్లు ఇవ్వరు.

నేను కడుతున్నది కాజీపేట పరిసరాలను తలపించే చిన్న రైల్వే యార్డు, హెచ్‌ఓ అనే మోడల్ స్కేలులో. సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా వైపులకు లైన్లు చీలే జంక్షన్ అది. అక్కడ తిరిగినవారికి పాత కాంక్రీటు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. పిట్టగోడ పైనుంచి వాననీరు జారిన చోట నల్లటి చారలు దిగుతాయి. ఆ నలుపు ఒట్టి దుమ్ము కాదు, తడి నిలిచే చోట పెరిగి ఎండాకాలంలో మాడిపోయిన నాచు. సజ్జ అడుగున పెచ్చులు ఊడి ఊచలు బయటపడతాయి, వాటి కింద ఇటుక రంగులో తుప్పు మరక. లోపలి ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బి సిమెంటును బయటికి నెట్టేస్తుంది కాబట్టి పెచ్చు ఎక్కువగా ఊచ వెంబడే ఊడుతుంది. సెంట్రింగ్ పలకల గుర్తులు అడ్డగీతలుగా మిగిలిపోతాయి. ఇవన్నీ మూడు సీసాలతో వస్తాయని ఆ పేజీలో రాశారు. ‘ప్లాస్టిక్‌కు పూర్తిగా సురక్షితం’ అని పెద్ద అక్షరాల్లో రాశారు. వాళ్ల వీడియోలో చూపిన వరుసలోనే వాడాను.

మొదటి సీసా బూడిదరంగు పూత. గరుకుదనం కోసం ఇసుక కలిపారు. ఇక్కడే తెలిసిపోవాలి, ఆ సరుకు తయారుచేసినవారికి స్కేలు అంటే ఏమిటో తెలియదని. హెచ్‌ఓ అంటే 87వ వంతు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు అసలు భవనం లెక్కన 43 మిల్లీమీటర్లకు పైగా ఉన్నట్టు. మన ఇళ్ల స్లాబుకు వాడే కంకరే 20 మిల్లీమీటర్లు. ఆ పూత వేసిన గోడ దగ్గరగా చూస్తే కాంక్రీటులా కాదు, గుండ్రాళ్లు అతికించినట్టు కనిపిస్తుంది. పైగా ఆరాక మెరుస్తుంది. పాత కాంక్రీటుకు మెరుపు ఎక్కడిది? నా అంచనాలో అది గోడలకు వేసే టెక్స్చర్ పెయింటును చిన్న సీసాల్లోకి మార్చిన సరుకు.

అయినా ఆ పూతను కడిగేయవచ్చు. రెండో సీసా చేసిన నష్టాన్ని ఏమీ చేయలేం. వాన చారలు తెప్పించే పలుచని ద్రవం అని దాన్ని అమ్ముతున్నారు. మూత తీయగానే ఫర్నిచర్ పాలిష్ చేసే చోట వచ్చే ఘాటైన వాసన గది నిండా కొట్టింది. కుంచెతో పిట్టగోడ అంచున తాకించగానే ద్రవం కిందికి జారి కిటికీ చట్రంలో నిలిచింది. మిల్లీమీటరు మందం కూడా లేని ఆ చట్రపు కమ్మీలు మొదట మెరిశాయి, తర్వాత మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. గోడను పట్టుకుని తిప్పితే నా బొటనవేలి ముద్ర అందులో దిగిపోయింది. ఆరిన తర్వాత గోడ లోపలికి వంగింది. ఇటుకల వరుసలు, తలుపు మీది చెక్క గీతలు అన్నీ చదునైపోయాయి.

కారణం సులువుగా చెప్పవచ్చు. ఫాలర్, ఔహాగెన్ లాంటి జర్మన్ సంస్థల కిట్లలో భవనాల భాగాలు పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌తో వస్తాయి. ఫర్నిచర్ పాలిష్‌లో కలిపే ఎన్‌సీ థిన్నర్‌లో సాధారణంగా ఉండే టొలీన్, అసిటోన్ లాంటి ద్రావకాలు ఆ ప్లాస్టిక్‌ను నేరుగా కరిగిస్తాయి. థర్మాకోల్ కూడా అదే ప్లాస్టిక్, గాలి నింపి ఉబ్బించినది. అందుకే పరీక్ష చాలా తేలిక: ఏ కొత్త ద్రవమైనా పార్సిల్‌లో వచ్చిన థర్మాకోల్ ముక్క మీద ఒక చుక్క వేయండి. రెండో సీసాలోంచి చుక్క వేస్తే కళ్ల ముందే గుంట పడింది. ఆ వీడియో నా దగ్గర ఉంది. ఆ తర్వాత కిట్ భాగాలు అతికి వచ్చే ఫ్రేము ముక్క మీద మరో చుక్క వేసి, కాసేపాగి గోటితో గీయండి. గోరు దిగితే ఆ సీసాను మోడల్ దగ్గరికి రానివ్వకండి.

మూడో సీసాలోని పొడి గురించి పిల్లలున్న ఇళ్లవారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. దుమ్ము రూపం కోసం అద్దే పిగ్మెంట్ అని చెప్పారు. మూతలో కొంచెం పోసి నీళ్లు కలిపి ఉంచితే తెల్లవారేసరికి రాయిలా గట్టిపడింది. అంటే అందులో సిమెంటు కలిసి ఉండాలి. తడి సిమెంటు క్షారం, చర్మాన్ని, కళ్లను దెబ్బతీస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఊపిరితో లోపలికి పోకూడదు. మెత్తటి కుంచెతో ముఖానికి దగ్గరగా పెట్టుకుని అద్దే పొడిలో దాన్ని కలిపి, ఒక్క హెచ్చరిక ముక్క కూడా రాయకుండా అమ్మడం నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది.

అమ్మకందారుకు ఫొటోలు పంపితే మొదట ‘మీరు ఎక్కువ వాడారు’ అన్నారు. తర్వాత ‘మంచి సమీక్ష రాస్తే సగం డబ్బు తిరిగి ఇస్తాం’ అన్నారు. ఒప్పుకోకపోయేసరికి నన్ను బ్లాక్ చేశారు. పేజీలోని పొగడ్తలను ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి మీరే తేల్చుకోండి. అక్కడ పెట్టిన అందమైన ఫొటోలు కూడా వాళ్లవి కావు. ఫొటోతో వెతికితే వేరే దేశాల వారి పాత పోస్టుల్లో అవే కనిపించాయి.

రంగు వేసి సిద్ధంగా ఇచ్చే భవనాలూ అదే పేజీలో ఉన్నాయి. కరీంనగర్‌లో ఉండే మా మిత్రుడొకరు స్టేషన్ భవనం తెప్పించుకున్నారు. తడి వేలితో రుద్దితే రంగు చేతికి వచ్చేసింది, పైన వార్నిష్ పూతే లేదు.

అసలు ఈ పనికి ఇంత ఖరీదైన కిట్ అవసరమే లేదు. హనుమకొండలో డ్రాయింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దొరికే అక్రిలిక్ ట్యూబులు చాలు. తెలుపులో నలుపు మాత్రమే కలిపితే నీలం ఛాయ కొట్టే చల్లటి బూడిదరంగు వస్తుంది. కొద్దిగా ఓకర్ అనే మట్టి పసుపు రంగు, రవ్వంత అంబర్ అనే గోధుమ రంగు కలపండి, అప్పుడు సిమెంటు రంగులోకి దిగుతుంది. అసలు గోడకంటే ఒక ఛాయ తేలికగా ఉంచండి, చిన్న వస్తువు మీద రంగు ముదురుగా కనిపిస్తుంది. ముందు మెరుపు లేని మ్యాట్ ప్రైమర్, దాని మీద ఈ పూత. ఆరాక బాగా నీళ్లు కలిపిన నలుపు, ముదురు గోధుమ రంగులను నీరు జారే చోట్ల మాత్రమే పైనుంచి కిందికి లాగండి. గోడంతా ఒకేలా మురికి చేస్తే పాతదనం రాదు, మసి పూసినట్టుంటుంది. ఏ చార ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే గొట్టాలు, సజ్జలు, పిట్టగోడ పగుళ్లు చూడాలి. సింగరేణి బొగ్గు లోడింగ్ బంకర్ కడుతున్నవారైతే నాచు చారలు తగ్గించి, బొగ్గు ధూళి నిలిచే అంచులను నల్లబరచండి. దుమ్ముకు ఒట్టి చాక్ పేస్టళ్లను గరుకు కాగితం మీద అరగదీస్తే వచ్చే పొడి సరిపోతుంది. చివర్లో మ్యాట్ వార్నిష్ తప్పనిసరి. అన్నీ కలిపినా ఆ కిట్ ధరలో చిన్న భాగమే అవుతుంది.

ఇప్పటికే మోసపోయినవారు ఊరుకోకండి. పార్సిల్ మీది చిరునామా చీటీ, డబ్బు పంపిన రసీదు, సంభాషణల స్క్రీన్‌షాట్లు, సీసాల ఫొటోలు భద్రపరచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. పెద్ద ఈ-కామర్స్ వేదిక ద్వారా కొని ఉంటే 2020 నిబంధనల ప్రకారం వాళ్ల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నేను హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. ఈ కిట్ కొన్నవారు ఇంకొందరు కూడా ఫిర్యాదు చేస్తే పని త్వరగా కదులుతుంది.

మిగిలిన రెండో సీసాను సింకులో పారబోయకండి, త్వరగా అంటుకునే ద్రవం అది. మూత బిగించి, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, పిల్లలకు అందని చోట పెట్టండి. కేసు ముగిసేదాకా అదే మీ సాక్ష్యం.