పాత డ్రైవర్‌ను మార్చడమా, పక్కన కొత్తది రాయడమా: ఏది మేలు?

విజయవాడలో ఆదివారాలు మాతో కలిసి లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కోడ్ చదివే ఇంజనీరింగ్ విద్యార్థులు తరచూ ఇదే అడుగుతున్నారు: ఒకే రకం పరికరాలన్నిటి డ్రైవర్లూ వాడుకునే ఉమ్మడి ఫ్రేమ్‌వర్క్ వచ్చాక, పరికరాన్ని నడిపే పాత కోడ్‌ను, అంటే పాత డ్రైవర్‌ను, అందులోకి మార్చాలా, దాన్ని అలా ఉంచి కొత్తది రాయాలా?

కొత్తది రాయడం హాయిగా ఉంటుంది. పాతది వాడేవారికీ వెంటనే ఇబ్బంది రాదు. డిస్కుల విషయంలో ఆ దారే పట్టారు. పాత తరం డిస్కులను నడిపే ఐడీఈ డ్రైవర్లు ఉండగానే 2006లో, 2.6.19 కెర్నెల్‌లో, లిబాటా అనే ఉమ్మడి ఫ్రేమ్‌వర్క్ కింద అవే డిస్కులకు పాటా డ్రైవర్లు చేరాయి. డిస్కు పేరే హెచ్‌డీఏ నుంచి ఎస్‌డీఏగా మారుతుంది కనుక కొంతకాలం రెండూ ఉండక తప్పలేదు. అయితే పాతవి పూర్తిగా తొలగింది 2021లో, 5.14లో! ఒకే చిప్ ఐడీ రెండు మాడ్యూళ్లలో (విడిగా లోడయ్యే డ్రైవర్ ఫైళ్లలో) ఉంటే ముందు లోడైనదే పరికరాన్ని పట్టుకుంటుంది. రెండోదాన్ని బ్లాక్‌లిస్ట్‌లో (లోడ్ చేయకూడని వాటి జాబితాలో) పెట్టుకునే బాధ వాడేవారిది, ప్రతి లోపాన్నీ రెండుచోట్ల సరిదిద్దే బాధ ఆ కోడ్ బాగోగులు చూసే మెయింటెయినర్‌ది.

నా మటుకు అసలు విషయం పాత కోడ్‌లో దాగిన అనుభవం. చిప్‌ను అదుపుచేసే రిజిస్టర్‌లో విలువ రాశాక పది మైక్రోసెకన్లు ఆగమనే ఒక్క వరుస ఉందనుకోండి. చూడటానికి అనవసరం అనిపిస్తుంది. ఏ వరుస ఏ మార్పులో వచ్చిందో చూపే గిట్ బ్లేమ్‌తో వెనక్కి వెళితే, ఏదో బోర్డు మీద ఆ చిప్ మొరాయించడం వల్ల చేర్చారని తెలుస్తుంది. కొత్తగా రాసేవారు చిప్ తయారీదారు ఇచ్చే డేటాషీట్ చూస్తారు. అందులో ఇది ఉండదు. పాతదాన్నే మారిస్తే ఆ వరుసా, దాని చరిత్రా రెండూ నిలుస్తాయి. మార్పులు చిన్న ప్యాచ్‌లుగా (విడివిడి మార్పులుగా) ఉంటే, ఏది చెడగొట్టిందో, చరిత్రను సగం సగంగా వెతికే గిట్ బైసెక్ట్ పట్టిస్తుంది. మొత్తం డ్రైవర్ ఒకే ప్యాచ్‌గా వస్తే అది చూపించేది కూడా ఆ మొత్తాన్నే.

వాచ్‌డాగ్ (సిస్టమ్ మొరాయిస్తే దాన్ని తిరిగి మొదలుపెట్టే టైమర్) డ్రైవర్లు చూడండి. 2011లో, 3.1లో, ఉమ్మడి కోర్ రాకముందు ప్రతి డ్రైవరూ పరికర ఫైలును తెరవడం, రాయడం వంటివన్నీ సొంతంగా చూసుకునేది. మార్చిన డ్రైవర్లలో ఆ భాగమంతా పోయి స్టార్ట్, స్టాప్, పింగ్ (టైమర్‌ను మళ్లీ మొదటికి తేవడం) వంటి చిప్ పనులు మిగిలాయి. ఫైలు అదే, చరిత్ర అదే, కోడ్ తగ్గింది.

స్టేజింగ్‌లో (ఇంకా సిద్ధంకాని డ్రైవర్లను ఉంచే కెర్నెల్ విభాగంలో) పెట్టడం మూడో దారి. కోడ్ ఇంకా పదును పడనప్పుడు సరే; జంట డ్రైవర్ల చిక్కును అది తీర్చదు.

కొత్తది రాయక తప్పకపోతే, పాతదాన్ని ఎలా తొలగిస్తారో మొదటి ప్యాచ్ వివరణలోనే రాయండి. ఆ చిప్ ఉన్న బోర్డు మీ దగ్గర లేకపోతే, ఉన్నవారిని వెతికి పరీక్షించమని ముందే అడగండి.