పాత కంప్యూటర్‌కు విండోస్ 11 మంచిదా, లినక్స్ మింటా?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయినా, నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్, డీటీపీ షాపులకు వెళ్తే ఇంకా అదే కనబడుతుంది. విండోస్ 11కి పోదామంటే టీపీఎం 2.0 (కంప్యూటర్‌లో ఉండే సెక్యూరిటీ చిప్) కావాలంటుంది, అది ఉన్నా ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. బాగా నడిచే మెషిన్‌ని తుక్కు కింద అమ్ముకోమనడం దౌర్జన్యం కాదా?

విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌కు ఈ పేచీలు లేవు, పైసా ఖర్చు లేదు, 4 జీబీ ర్యామ్ చాలు, సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి.

కానీ పెళ్లి పత్రికలు కొట్టేవాళ్లకు అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ లేనిదే పొద్దు గడవదు, అవేమో మింట్‌లో సరిగ్గా కుదరవు. అందుకే షాపు మెషిన్‌కు విండోస్ 10నే ఉంచి, మామూలు సపోర్ట్ ఆగింది కాబట్టి నెట్ తీసేసి డిజైన్ పనికి వాడుకోండి. ఇంట్లో చదువుకు, బ్యాంకు పనికైతే మింటే ఎక్కించండి.