కడపలో లెటరింగ్ కిట్టు కొనబోతున్నారా? ముందు స్కేలు పెట్టి కొలవండి

ఈ సాయంత్రమే కడప నుంచి మైదుకూరు తిరిగి వచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గితే రాయకుండా వదిలేస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

పాలిటెక్నిక్‌లో సివిల్ చదివే పిల్లలున్న చాలా ఇళ్లలో ఆ దుకాణం ఏదో నేను చెప్పక్కరలేదు. డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్ కొనడానికి వెళితే గల్లాపెట్టె పక్కనే ఆ కిట్లు దొంతరగా పేర్చి ఉంటాయి. లెటరింగ్ అంటే డ్రాయింగ్ షీటు మీద అక్షరాలు పద్ధతిగా రాయడం, దానికి సాధన పుస్తకం, అక్షరాల స్టెన్సిల్, రెండు పెన్సిళ్లు, పై అంతస్తులో పది ఆదివారాల తరగతులు, అన్నీ కలిపి 2,400 రూపాయలు. "లెటరింగ్ కుదిరితే సగం మార్కులు వచ్చినట్టే అన్నా" అన్నాడు దుకాణదారు. కట్టేశాను.

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసినవాణ్ణి. కె.సి. (కర్నూలు-కడప) కాలువ పనులకు ఏళ్ల తరబడి షీట్లు గీశాను. సంచిలో స్టీలు స్కేలు ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు కూడా ఉంది. తీసి ఆ పుస్తకం మీద పెట్టడానికి అర నిమిషం పట్టేది. పెట్టలేదు. ఈ తప్పు నాదే, ఇందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

మూడు తరగతులు అయ్యాక మా అమ్మాయి షీటు చూశాను. హెచ్ అక్షరంలో నిలువు గీతలు నల్లగా, లావుగా ఉన్నాయి, అడ్డగీత సన్నగా ఉంది. ఎందుకమ్మా ఇలా అని అడిగితే, "సింగిల్ స్ట్రోక్ అంటే పెన్సిల్ ఎత్తకుండా రాయాలట నాన్నా, సారు చెప్పారు" అంది. నాకు నోట మాట రాలేదు. సింగిల్ స్ట్రోక్ అంటే గీత మందం పెన్సిల్ ఒక్కసారి లాగడంతోనే రావాలని అర్థం. దిద్దకూడదు, గీసిన దాని మీదే మళ్లీ గీయకూడదు. అక్షరాన్ని మాత్రం విడివిడి గీతలుగానే రాస్తాం, నిలువు గీత పై నుంచి కిందికి, అడ్డగీత ఎడమ నుంచి కుడికి. హెచ్‌కు మూడు గీతలు, మూడుసార్లు పెన్సిల్ ఎత్తాలి. ఎత్తకుండా రాయాలంటే గీసిన గీత మీదే వెనక్కి రావాలి, అది నల్లబడక ఏమవుతుంది? లెటరింగ్‌లో మొదటి రోజు చెప్పే పాఠాన్ని తలకిందులుగా చెప్పారు.

ఆ షీటులోనే ఎలివేషన్ అన్న మాట ఇంగ్లీషులో ఇరవైసార్లు రాయించారు. ప్రతి అక్షరానికీ మధ్య స్కేలుతో కొలిచి ఒకే దూరం పెట్టమన్నారట. అందులో వి (V) పక్కన ఏ (A) వస్తుంది, ఆ ఏ పక్కన టి (T) వస్తుంది. వాటి ఏటవాలు పక్కల దగ్గర ఖాళీ ఎలాగూ ఎక్కువే, అందుకే దగ్గరికి జరపాలి. పక్కపక్కన నిలువు గీతలు వస్తే కాస్త ఎడం చేయాలి. చూసే కంటికి ఖాళీ సమానంగా ఉండాలి, కొలతకు కాదు. కొలిచి పెట్టేసరికి మాట మధ్యలో తెగి రెండు ముక్కలుగా కనిపిస్తోంది.

అప్పుడు తీశాను స్కేలు. ఏడు మిల్లీమీటర్ల వరసలని అచ్చువేసిన పేజీలో పది వరసలు కలిపి 70 రావాలి, 66 వచ్చాయి. ఎక్కడిదో పేజీని యంత్రంలో పెట్టి నకలు తీస్తే కుదించుకుపోయింది, ఎవరూ కొలిచి చూడలేదు. నాలుగు మిల్లీమీటర్లే కదా అనుకోకండి. మన ఐఎస్ 9609 ప్రమాణంలో అక్షరాల ఎత్తులు 2.5, 3.5, 5, 7, 10, 14, 20. ఒక్కొక్కటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఏ2 సైజు షీటును దాని కింది సైజు ఏ3కి తగ్గిస్తే ఏడు అయిదవుతుంది, అదీ ప్రమాణంలోని ఎత్తే. 6.6కు ఆ వరసలో చోటే లేదు.

వాలు అక్షరాల పేజీ ఇంకా ఘోరం. ప్రమాణం ప్రకారం వంపు అడ్డగీత నుంచి 75 డిగ్రీలు. 45, 30 డిగ్రీల సెట్‌స్క్వేర్లు జోడిస్తే సరిగ్గా వస్తుంది. జోడించి పెట్టాను, ఒక్క గీతా కలవలేదు. కోణమానినితో చూస్తే 68. అది పాత అమెరికన్ డ్రాయింగ్ పద్ధతిలోని వంపు. అక్కడ కొంత, ఇక్కడ కొంత కోసి అతికించి, మన పిల్లలకు 2,400కు అమ్ముతున్నారు. పెన్సిళ్లు రెండూ 2బి, అంటే మెత్తనివి. అక్షరాల ఎత్తు కోసం ముందుగా గీసే గైడ్ లైన్లకు గట్టిదైన 2హెచ్, అక్షరాలకు హెచ్ గానీ హెచ్‌బి గానీ కావాలి. 2బితో రాసిన షీటు మీద చెయ్యి ఆనితే చాలు, మసి అంటుతుంది.

ఈ రోజు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, గొంతు పెంచకుండా అన్నీ కొలిచి చూపించాను. దుకాణదారు ఫోనులోంచి తల ఎత్తలేదు. "ఆరున్నరైతే ఏమిటి, ఏడైతే ఏమిటి అన్నా? ఇప్పుడందరూ కంప్యూటర్‌లోనే గీస్తున్నారు, చేత్తో రాసింది ఎవరు చూస్తారు?" అన్నాడు. సగం మార్కులని చెప్పి అమ్మిన నోరే అది. నేను వదలకపోయేసరికి షీటు లాక్కుని ఒక్క చూపు చూసి, "మీ అమ్మాయి చేతిలోనే పట్టు లేదు. కొందరికి రాదంతే" అని బల్ల మీద నుంచి ఇవతలికి తోశాడు. అది కింద పడింది. అమ్మాయే వంగి తీసుకుంది. అతను అప్పటికే నా వెనక నిలబడ్డ ఇంకో తండ్రికి అదే కిట్టు చూపిస్తున్నాడు.

బస్సులో అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఖాజీపేట దాటాక, "నాన్నా, నాకు నిజంగానే రాదా?" అంది. డబ్బు పోయినందుకు నాకు ఇంత మంట లేదు. పదహారేళ్ల పిల్ల మూడు వారాలు రాత్రి పదకొండు దాకా కూర్చుని, వాళ్లు చెప్పిన తప్పునే శ్రద్ధగా నేర్చుకుంది. నేర్పినవాళ్ల లోపాన్ని దాని చేతి మీదికి నెట్టారు.

ఇంటికి రాగానే 2హెచ్‌తో నేనే ఏడు మిల్లీమీటర్ల గీతలు గీసి ఇచ్చాను. పెన్సిల్ ఎత్తి రాయమన్నాను, మొన సమంగా అరిగేలా మధ్యమధ్యలో వేళ్ల మధ్య తిప్పమన్నాను. నాలుగో వరసకు హెచ్ నిటారుగా నిలబడింది. ఆ వరస ఫోటో తీసి దాచాను.

ఏ దుకాణంలో కొన్నా పది వరసలు కలిపి కొలవండి, సెట్‌స్క్వేర్లు జోడించి వాలు చూడండి, రసీదు అడిగి తీసుకోండి. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వారి ఇంజనీరింగ్ డ్రాయింగ్ పుస్తకం ఎస్‌పీ 46 కాలేజీ గ్రంథాలయంలో ఉంటే పిల్లలకు అది చాలు, తర్వాత తెల్లకాగితం మీద సొంతంగా గీతలు గీసుకోవచ్చు. నేను వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఇప్పటికే ఆ కిట్టు కొన్నవాళ్లు పుస్తకాన్ని పారేయకండి, కొలిచిన పేజీని, రసీదును ఫోటో తీసి ఉంచుకుని మీరూ ఫిర్యాదు చేయండి.