ఓషన్ గ్రోవ్‌లో రెండు రాత్రులు: గది సరే, మార్కులన్నీ వరండాకే

అమ్మ అమెరికా వచ్చాక సముద్రం చూస్తానంటే, జూన్‌లో న్యూజెర్సీలోని ఓషన్ గ్రోవ్‌లో ఒక పాతకాలపు గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది చిన్నదే, శుభ్రంగా ఉంది. కానీ లిఫ్ట్ లేదు, మెట్లు మరీ నిటారు. కింద గది ఇస్తామని ఫోన్‌లో చెప్పి, తీరా వెళ్ళాక ఖాళీ లేదన్నారు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ రెండు అంతస్తులు ఎక్కింది. నేను ఒక స్టార్ తగ్గించింది అందుకే.

వరండా మాత్రం అద్భుతం. మా గెస్ట్‌హౌస్ బీచ్ ఒడ్డున లేదు, ఐదారు ఇళ్ళ వెనక ఉంది. అయినా కుర్చీలో కూర్చుంటే అలలు కనిపించాయి, గాలి సూటిగా మొహానికి తగిలింది. 1869లో మెథడిస్టులు (ఒక క్రైస్తవ శాఖవారు) వేసవి ప్రార్థన సభల కోసం ఈ ఊరు వేసినప్పుడు, సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఇళ్ళను వీధి నుంచి ఇంకాస్త వెనక్కి జరిపి కట్టించారు. వీధి గరాటులా సముద్రం వైపు విచ్చుకుంటుంది. ముందు ఇల్లు వెనకవాళ్ళ గాలికి అడ్డం రాదు.

ఊరికి నడుమ 1894 నాటి పెద్ద చెక్క ఆడిటోరియం. దాని ముందు నుంచి బీచ్ దాకా వెడల్పాటి పచ్చిక. ఆడిటోరియం చుట్టూ 114 గుడారాలు: ముందు భాగం కాన్వాస్, వెనక వంటిల్లున్న చెక్క గది. వేసవంతా కుటుంబాలు అందులోనే ఉంటాయి. "గుడి చుట్టూ మాడవీధుల్లాగే ఉందే" అంది అమ్మ. ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నా నేల మాత్రం ఊరు వేసిన ఆ మెథడిస్టుల సంస్థ, క్యాంప్ మీటింగ్ అసోసియేషన్‌దే, లీజుకిస్తారు. 1970ల చివరి దాకా ఆదివారం ఊళ్ళో కారు నడపనిచ్చేవారు కాదట. మద్యం ఇప్పటికీ అమ్మరు.

శాండీ తుఫానుకు పాడైన పియర్ (సముద్రంలోకి కట్టిన నడక వంతెన) స్థానంలో కట్టిన కొత్తది 2023లో తెరిచారు. అది శిలువ ఆకారంలో ఉంది. అక్కడ నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. వరండాలో కూర్చున్నప్పుడు నా మతమేంటో గుర్తుకే రాలేదు, పియర్ మీద గుర్తొచ్చింది. అందరూ వచ్చే బీచ్‌లో ఆ ఆకారం అవసరం లేదని నా అభిప్రాయం. అమ్మకు అదేమీ పట్టలేదు, చివరిదాకా నడిచి దణ్ణం పెట్టుకుని వచ్చింది.

పెద్దవాళ్ళతో వెళ్తే కింద గది ఇస్తామని ఈమెయిల్‌లో రాయించుకోండి. శనివారం పార్కింగ్‌కి మేం గంట తిరిగాం. రైల్లో వచ్చేవాళ్ళు ఆస్‌బరీ పార్క్ స్టేషన్‌లో దిగాలి.