బోరిక్ కలిపే గోల తప్పింది, కానీ జా ప్లేట్ల దగ్గర దొరికిపోయాం

మాది బాలానగర్ వైపు చిన్న ఫౌండ్రీ, 500 కిలోల ఇండక్షన్ ఫర్నేస్. బోరాన్ ఆక్సైడ్ కలిపేసి వచ్చే ప్రీమిక్స్ సిలికా ర్యామింగ్ మాస్‌కి (ఫర్నేస్ లోపలి గోడకి, అంటే లైనింగ్‌కి, కూరే పొడి) మారి 14 నెలలైంది. బస్తా మీద రాసినవి మళ్లీ ఇక్కడ ఎక్కించను. నేను దీనికి పడిపోయింది ఒక్కదానికే, బోరిక్ యాసిడ్ (ఆ పొడి వేడికి అతుక్కుని గట్టిపడటానికి వేసేది) చేత్తో కలపక్కర్లేదు. ఇంతకుముందు మా మేస్త్రీ మాస్ కుప్ప పోసి, పైన బోరిక్ చల్లి పారతో తిప్పేవాడు, తర్వాత లైనింగ్ పగలగొడితే ఒకచోట గాజులా కరిగిన మచ్చ, పక్కనే గోరుతో గీరితే రాలే పిండి. పైగా బోరిక్ యాసిడ్ బరువులో సగానికి కాస్త తక్కువ నీళ్లే, ఆ ఆవిరి గోడ బయట చుట్టూ ఉండే కరెంట్ కాయిల్ వైపు పోతే కరెంట్ లీకేజ్ చూపే మీటర్ ఊగేది, మొదటి హీట్ (ఒకసారి లోహం కరిగించి పోయడం) రోజు టెన్షనంతా అదే. ఇప్పుడు అది చాలావరకు పోయింది. (573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఉబ్బుతుంది కాబట్టి అక్కడ మాత్రం ఇప్పటికీ నిదానంగానే ఎక్కిస్తాం.)

అసలు సంగతి ఆగస్టులో జరిగింది. ఒక క్రషర్ వాళ్లు జా ప్లేట్లు (రాళ్లని మధ్యన పెట్టి నలిపే పలకలు) అడిగారు, అంటే మాంగనీస్ స్టీలు, 11 నుంచి 14 శాతం మాంగనీస్. మేం రోజూ పోసేది గ్రే ఐరన్, మామూలు పోత ఇనుము. లైనింగ్‌కి అప్పటికి 9 హీట్లే అయ్యాయి, "ఈ ఆర్డరుకి ఎనిమిది హీట్లే కదయ్యా, లాగించెయ్" అన్నారు ఓనర్ గారు. అప్పటికే ఈ మాస్ గురించి నేను అందరి దగ్గరా డప్పు కొట్టి ఉన్నాను, కాదనడానికి నోరు రాలేదు.

మూడో హీట్ శాంపిల్ రిపోర్టులో మాంగనీస్ మేం వేసిన లెక్క కంటే తగ్గింది, సిలికాన్ పెరిగింది. ఫెర్రో సిలికాన్ ఎక్కువ పడేశావని కుర్రాడి మీద అరిచాను. వాడు మాట్లాడకుండా తూకం చీటీ తెచ్చి చేతిలో పెట్టాడు, గ్రాము తేడా లేదు. రాత్రి అన్నం తింటుంటే వెలిగింది నాకు, ఆ సిలికాన్ మా గోడది! మాంగనీస్ సిలికాలోని ఆక్సిజన్ లాక్కుంటే సిలికాన్ లోహంలోకి దిగుతుంది, పుట్టిన మాంగనీస్ ఆక్సైడ్ ఇంకాస్త సిలికాని కలుపుకుని పల్చని స్లాగై జారిపోతుంది, లోపలి గోడ మళ్లీ బయటపడుతుంది.

ఆరో హీట్‌కి అదే వోల్టేజ్ మీద కరెంట్ ఎక్కువ లాగడం మొదలైంది. గోడ పల్చబడి లోహం కాయిల్‌కి దగ్గరైతే అంతే, ఆపించేశాను. చల్లారాక టేప్ పెట్టి చూస్తే పైన పెద్ద తేడా లేదు గానీ, అడుగున గోడా నేలా కలిసే మూల చుట్టూ గుంత పడి ఫార్మర్ (లైనింగ్ కూరేటప్పుడు లోపల పెట్టే అచ్చు) వ్యాసం కంటే 60 మిల్లీమీటర్లు పెరిగింది. కుర్రాడికి మర్నాడు బిర్యానీ తినిపించాను, అది వేరే విషయం.

ఇంకొకటి. మొదట్లో పాతదానికంటే హీట్లు బాగా ఎక్కువ వస్తున్నాయని చాలామందికి చెప్పాను. ఆ నెలల్లో మాకు ఇంజిన్ బ్లాకుల స్క్రాప్ శుభ్రంగా దొరికింది, వానల్లో తుప్పు రేకులు వచ్చాక తేడా అంతగా కనిపించలేదు. తుప్పులోని ఐరన్ ఆక్సైడ్ కూడా సిలికాతో కలిస్తే 1200 డిగ్రీల చిల్లరకే కరుగుతుంది మరి.

గ్రే ఐరన్ ఒక్కటే పోస్తూ, స్క్రాప్ ఏరుకునే ఓపిక ఉన్నవాళ్లయితే తీసుకోవచ్చనే అంటాను. మాలా ఆర్డరుని బట్టి గ్రేడ్ మార్చేవాళ్లకి చెప్పలేను. జా ప్లేట్లకి ఇప్పుడు న్యూట్రల్ మాస్ (సిలికా బదులు అల్యూమినా లాంటివాటితో చేసేది) కొటేషన్ తెప్పించాం, రేటు చూసి ఓనర్ గారు వారంగా దాని మాటెత్తడం లేదు.