ఓపెన్ సోర్స్ ఇన్వెస్టిగేషన్ నేర్చుకోవడానికి ఏ దారి మేలు?

అందరికీ అందుబాటులో ఉన్న వీడియోలు, ఫొటోలు, ఉపగ్రహ చిత్రాలు, సోషల్ మీడియా పోస్టుల ఆధారంగా ఒక సంఘటన ఎక్కడ, ఎప్పుడు జరిగిందో నిర్ధారించే పద్ధతులను ఓపెన్ సోర్స్ ఇన్వెస్టిగేషన్ అంటారు. వీటిని ఇప్పుడు విలేకరులతో పాటు విశ్వవిద్యాలయ పరిశోధకులు కూడా వాడుతున్నారు. వీటిని నేర్చుకోవాలనుకునే పరిశోధక విద్యార్థికి సొంతంగా సాధన చేయడం, కొద్ది రోజుల వర్క్‌షాప్‌కు హాజరు కావడం, విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో బృందంతో కలిసి పనిచేయడం అనే మూడు దారులున్నాయి.

కంటికి పదును పెట్టడంలో సొంత సాధనకు సాటి వచ్చేది లేదు. పది మీటర్ల స్పష్టతతో సెంటినెల్-2 ఉపగ్రహం తీసే చిత్రాలు, గూగుల్ ఎర్త్‌లోని పాత చిత్రాలు, వెబ్ పేజీల పాత రూపాలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ అన్నీ ఉచితమే. ఆఫ్రికా దేశమైన కామెరూన్‌లో సైనికులు చేసిన హత్యలపై 2018లో బీబీసీ పరిశోధక విభాగం ఆఫ్రికా ఐ ప్రసారం చేసిన పరిశోధనను ముందు పెట్టుకుని, అందులోని ఒక్కొక్క మెట్టునూ తిరిగి చేసి చూడటం మంచి అభ్యాసం. వీడియోలో వెనుక కనిపించే కొండల వరుసను గూగుల్ ఎర్త్‌లోని భూమి ఎత్తుపల్లాలతో పోల్చి వారు స్థలాన్ని తేల్చారు. కట్టడాల్లో వచ్చిన మార్పులను ఉపగ్రహ చిత్రాల్లో చూసి కాలవ్యవధిని కుదించారు. చివరికి నడుస్తున్న సైనికుల నీడల కోణాన్ని బట్టి ఆ ఘటన 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య జరిగిందని నిర్ణయించారు. అయితే ఒంటరిగా నేర్చుకునేవారికి తాము పొరబడ్డామని చెప్పేవారు ఉండరు. కొండ ఆకారం కలిసినట్టు అనిపించగానే వెతకడం ఆపేస్తే, అదే ఆకారం మరో రెండు చోట్ల కూడా ఉండవచ్చన్న అనుమానమే రాదు.

వర్క్‌షాప్ గురించి చెప్పవలసింది తక్కువ. బహిరంగ ఆధారాలతో పరిశోధించే బెల్లింగ్‌క్యాట్ వంటి సంస్థలు నడిపే శిక్షణలో అనుభవజ్ఞులు పనిచేసే తీరును దగ్గరగా చూడవచ్చు, నెలల తడబాటు తగ్గుతుంది. కేవలం టూల్స్ జాబితా నేర్పే శిక్షణకు మాత్రం డబ్బు పెట్టవద్దని నా సలహా. పోస్టులను ప్రోగ్రాం ద్వారా పెద్ద ఎత్తున సేకరించుకునేందుకు పరిశోధకులకు ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) ఉచితంగా ఇచ్చిన ఏపీఐ సౌకర్యం 2023లో ఆగిపోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల వ్యాప్తిని చూపే క్రౌడ్‌టాంగిల్‌ను వాటి యజమాని మెటా 2024 ఆగస్టులో మూసేసింది. వాటి మీదే ఆధారపడిన పాఠాలు అప్పటితో చెల్లిపోయాయి.

విద్యా పరిశోధనకు ల్యాబ్ దారే మేలని నేను నమ్ముతున్నాను. సమాధానం కనుక్కోవడంతో పరిశోధకుని పని పూర్తి కాదు; ఆ సమాధానానికి ఎలా చేరామో మరొకరు అవే అడుగుల్లో నడిచి సరిచూసుకునేలా రాసిపెట్టాలి. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లో కొన్ని విశ్వవిద్యాలయాలతో కలిసి మొదలుపెట్టిన, వీడియోలను సరిచూసే విద్యార్థి బృందాలైన డిజిటల్ వెరిఫికేషన్ కోర్‌లోనూ, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ మానవ హక్కుల ల్యాబ్‌లోనూ విద్యార్థులు ఈ క్రమశిక్షణను పని చేస్తూనే అలవరచుకుంటారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయంతో కలిసి బర్క్‌లీ 2020లో వెలువరించిన బర్క్‌లీ ప్రోటోకాల్ అనే మార్గదర్శక గ్రంథం కూడా సేకరణ, భద్రపరచడం, నిర్ధారణ అన్నింటినీ నమోదు చేయాలంటుంది. 2017లో యూట్యూబ్ ఆటోమేటిక్ వ్యవస్థ సిరియా యుద్ధానికి సంబంధించిన వేలాది వీడియోలను తొలగించినప్పుడు, ముందే కాపీలు దాచుకున్నవారి దగ్గర ఆధారాలు మిగిలాయి. కాబట్టి వీడియో చూసిన వెంటనే దింపుకోవడం, లింకుతో పాటు తేదీ, సమయం రాయడం, తర్వాత ఫైలు మారలేదని చూపేందుకు దాని నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి హ్యాష్ విలువను నమోదు చేయడం చేతికి అలవాటు కావాలి.

ల్యాబ్‌లో నైతిక విషయాలు కూడా చర్చకు వస్తాయి. పోస్టు బహిరంగంగా ఉన్నంత మాత్రాన, పెట్టినవారు పరిశోధనకు సమ్మతించినట్టు కాదు. వారి ఖాతా పేరు సిద్ధాంత గ్రంథంలో అచ్చయితే ప్రాణాపాయం కలగవచ్చు. హింసాత్మక దృశ్యాలు గంటల తరబడి చూసేవారి మనసుకూ రక్షణ కావాలి: శబ్దం ఆపి, తెరపై వీడియో కనిపించే కిటికీని చిన్నది చేసి చూడమని గుర్తుచేసే సహచరులు ఉండటం చిన్న విషయమేమీ కాదు.

అలాంటి ల్యాబ్ అందరికీ దొరకదు. దొరకనివారు మొదట సొంత సాధన చేసి, తర్వాత తమ శాఖలోనే మరొకరిని జత చేసుకోవాలి. ఒకే వీడియోను ఇద్దరూ విడివిడిగా, ఒకరి ఫలితం మరొకరికి తెలియకుండా నిర్ధారించి, ఆ తర్వాత నోట్సు మార్చుకుని చదవాలి. ఎక్కడ భేదం వస్తే అక్కడ మళ్లీ మొదటి నుంచి చూడాలి. వర్క్‌షాప్‌కు ఈ దశ తర్వాత వెళ్తే, ఏ ప్రశ్నలు అడగాలో అప్పటికి తెలిసి ఉంటుంది.